నీలం మచ్చలు

నా కుడిచెయ్యి వణకడం మొదలైన సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు కాఫీ గ్లాసుకు తెలిసింది. ఆ తర్వాత నాకు, ఆ తర్వాత మా ఆవిడ చంద్రకాంతమ్మకు. ఆమె గ్లాసు తీసేసి చెంబులో సగానికి పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. సగం చెంబైతే ఒలకదని ఆమె నమ్మకం. ఒలికేది.

రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో నా వయసంతా గడిచింది. అక్కడ నేను నడిపింది ఒకటే మిషన్, సర్ఫేస్ గ్రైండర్. ఉక్కు ముక్కను దాని బల్ల మీద పెడితే, బల్ల ముందుకూ వెనక్కూ జారుతుంది, పైన తిరిగే రాయి ఆ ముక్కను వెంట్రుకలో పదోవంతు తేడా లేకుండా చదును చేస్తుంది. కంప్యూటర్ మిషన్లు వచ్చాక దాన్ని ఆరుబయట పడేశారు. ఎండకు ఎండింది, వానకు తడిసింది. నేను రిటైరయ్యాక, పాత ఇనుము వాళ్ళు దాన్ని ముక్కలు చెయ్యబోతుంటే అడ్డంపడి, లారీకెక్కించి మా ఇంటి వెనక రేకుల షెడ్డులో దించుకున్నాను.

"ఇంట్లో ఉండే ముసలాయన చాలలేదని ఇంకొకర్ని తెచ్చినాడు" అంది చంద్రకాంతమ్మ.

వణుకు తగ్గేది కాదు, పెరిగేదేనని డాక్టరు మొదట్లోనే చెప్పేశాడు. కాబట్టి నాకున్న ఆశ ఒక్కటే. చేతులు పూర్తిగా పోయేలోపల ఆ మిషన్‌ను మళ్ళీ నడిపించాలి, ఒక్క ముక్కనైనా నా చేత్తో చదును చేసి చూసుకోవాలి. రోజూ పొద్దున వాకిట్లో నిలబడి కొండ వైపు దండం పెట్టుకునేటప్పుడు నేను అడిగింది కూడా ఇదే.

తుప్పు వదిలించేసరికే నా తల ప్రాణం తోకకొచ్చింది. మోటారు సంగతి పక్క వీధిలో వైండింగ్ షాపు పెట్టుకున్న గిరి చూసుకున్నాడు. అసలు పని మిగిలింది. మిషన్ బల్ల రెండు ఇనుప పట్టీల మీద జారుతుంది. ఆ పట్టీలు వంకరగా ఉంటే మిషన్ చేసే ప్రతి ముక్కా వంకరే. వాటిని చేత్తోనే సరిచెయ్యాలి. బాగా చదునైన ఇనుప పలకకు పలచగా నీలం రంగు పూసి, పట్టీ మీద పెట్టి జరిపి తీస్తే, ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుకుంటుంది. ఆ చోటును స్క్రేపర్‌తో, అంటే ఉలిలాంటి దానితో, పైపైన పొట్టు లేచినంత మాత్రమే గీకాలి. మళ్ళీ రంగు, మళ్ళీ గీకడం. మొదట్లో ఎక్కడో ఒక మచ్చ పడుతుంది. పని సాగేకొద్దీ మచ్చలు పెరుగుతాయి. చివరికి అమ్మవారు పోసిన ఒంటి మీద లాగా పట్టీ నిండా చిన్నచిన్న నీలం మచ్చలు సమంగా లేస్తే, అప్పుడు పట్టీ చదునైనట్టు. జనం మెరుపును చూసి మురిసిపోతారు. మెరుపుకూ చదునుకూ ఏ సంబంధమూ లేదని టూల్‌రూమ్‌లో ఎంతమందిని తిట్టానో నాకే గుర్తులేదు.

చంద్రకాంతమ్మ షెడ్డు గడప దగ్గర నిలబడి చూస్తుండేది.

"ఒకటి గీకితే పది లేస్తాండాయి. ఇవి ఎప్పటికి పోతాయి?" అని ఒకరోజు అడిగింది.

"పోగూడదు మే. ఇంకొన్ని రావల్ల" అన్నాను.

నా మాటల్లో సగం ఎకసెక్కాలే. కూరలో ఉప్పెక్కువైతే ఇంకొంచెం ఉప్పు తెమ్మనే రకం నేను. ఇదీ అట్లాంటిదే అనుకుని ఆమె మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

చివరి రోజుల్లో వణుకు ఎడమచేతికి కూడా వచ్చింది. స్క్రేపర్ పిడిని నడుముకు ఆనించి, చేతులతో కాకుండా ఒంటితో తోస్తూ నెట్టుకొచ్చాను. ఆయుధపూజకు ముందురోజు పొద్దున పలక ఎత్తి చూస్తే రెండు పట్టీల నిండా మచ్చలు. ఎక్కడా వెలితి లేదు. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే. పట్టీలకు నూనె పూసి గుడ్డ కప్పాను. బల్లను పుల్లీతో ఎక్కించడానికి పండగనాడు రమ్మని గిరికి చెప్పి, డాక్టరుకు చూపించుకోవడానికీ మిషన్‌కు బెల్టు కొనడానికీ తిరుపతి పోయాను.

డాక్టరు నా చేత కాగితం మీద చుట్టలు చుట్టినట్టు ఒక గీత గీయించాడు. దాన్ని చూసి మాత్రలు మార్చాడు. ఇంకో రోజైతే కుమిలిపోయేవాణ్ణి. ఆ రోజు పట్టించుకోలేదు. చేతులు పోతే పోనీ, చెయ్యాల్సిన పని చేసే పోతున్నాయి కదా అనుకున్నాను. బ్రహ్మోత్సవాల జనం కోసం బస్సులన్నీ కొండకే మళ్ళించారు. నేను ఇల్లు చేరేసరికి వీధిలో దీపాలు వెలిగాయి.

షెడ్డు ముందు ముగ్గు వేసి ఉంది. చంద్రకాంతమ్మ గడప మీద కూర్చుని ఉంది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. నన్ను చూడగానే లేచింది.

"లోపలికి రా, సూపిస్తా."

పట్టీలు తళతళలాడుతున్నాయి. ఒక్క మచ్చ లేదు. వాటి మీద పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి, చెరొక బంతిపువ్వు ఉంచింది. కింద చింతపండు పిప్పి, ఇటుకపొడి, కొబ్బరి పీచు. పండగకు ముందు మా ఇంట్లో పూజసామాన్లు తోమేది వాటితోనే. ఇత్తడి దానికి తట్టుకుంటుంది. పోత ఇనుప పట్టీలను ఆ పులుపు తినేస్తుంది, ఇటుకపొడి అరగదీస్తుంది.

"మరకలతో పూజకెట్ల పెడతాం? మధ్యాన్నం మొదులుపెడితే ఇప్పుడైంది" అంది. "నీ చేతులు వణుకుతాండాయి, పాపం. ఎన్ని నెలలు గీకితివి, ఆ మచ్చలు నీతో పోలేదు. నేనే పోగొట్టినా."

ఆమె మొహంలో అంత వెలుగు చూసి ఏళ్ళయింది. పలకకు రంగు పూసి పట్టీ మీద పెట్టి తీశాను. రెండు కొసల్లో మాత్రం నీలం అంటుకుంది. నడుమ అరిగి పల్లమైంది, ఏమీ అంటుకోలేదు. చెయ్యి బాగా అందేచోట బాగా తోమింది.

స్క్రేపర్ తీసుకుని పిడిని నడుముకు ఆనించాను. ఒక్క తోపుకే రెండు చేతులూ ఎగిరి, మొన పట్టీలో దిగబడి జానెడు గీత పడింది.

"ఏమైంది?" అంది ఆమె.

"ఆ మచ్చలే పని మే. అవి రావల్లనే నేను గీకింది."

"రావల్ల అని ఆ పొద్దు నువ్వు నిజంగానే అన్నావా?"

"నిజంగానే."

ఆమె నిలబడినచోటే కూలబడింది. ఆమె మొహం చూడబుద్ధి కాలేదు, అంత కోపం వచ్చింది. ఆ కోపం కూడా తెల్లారేదాకా నిలవలేదు. నిలిస్తే బాగుండేది. ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ అయినా బతకొచ్చు.

పండగనాడు పొద్దున గిరి పుల్లీ భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్నా, కొత్త మిషన్ మాదిరి ఉండాది" అన్నాడు.

చంద్రకాంతమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. హారతి పళ్ళెం నా చేతుల్లో గలగలలాడుతుంటే గిరే పట్టుకున్నాడు. గుమ్మడికాయ కూడా అతనే కొట్టాడు. బల్ల ఎక్కిద్దామంటే వద్దని జరిగింది చెప్పాను.

"ఇంకెవురూ లేరా అన్నా, ఈ గీకేవోళ్ళు?"

నాకు నేర్పినాయన పోయి చాలాకాలమైంది. నేను నేర్పినవాళ్ళు శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో బటన్లు నొక్కుతున్నారు, స్క్రేపర్ పట్టి ఎన్నేళ్ళయిందో వాళ్ళకే తెలియదు. ఆ మాటే చెప్పాను. గిరి పుల్లీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే షెడ్డులోంచి గరగరమని చప్పుడు వినిపించింది. పోయి చూశాను. చంద్రకాంతమ్మ స్క్రేపర్ పిడిని నాలాగే నడుముకు ఆనించుకుని పట్టీ మీదికి వంగి ఉంది. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు, వరస తప్పకుండా, గుంటలు పెడుతోంది. ఒక్కో గుంటలో వేలితో ఇంత నీలం పూస్తోంది. ఆమె చెయ్యి కొంచెం కూడా వణకడం లేదు.

"సూడు, వస్తాండాయి" అంది తలెత్తకుండా. "నువ్వు పెట్టినంత దగ్గిరగానే పెడతాండా."

ఒక్కో చుక్కకూ పట్టీ ఇంకొంచెం చెడిపోతోంది. ఆపమని చెప్పొచ్చు. ఆపితే ఇద్దరం ఇంట్లోకి పోయి ఎదురెదురుగా కూర్చోవాలి. మిషన్ పోయిందనీ, నా చేతులు పోయాయనీ ఒప్పుకోవాలి. నాకు ఆ ధైర్యం లేదు. బకెట్ బోర్లించుకుని పక్కన కూర్చున్నాను. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను.

ఆమె పట్టీ కొస దాకా పోయి ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"చాలునా?"

"ఇంకొన్ని రావల్ల" అన్నాను.

ఈసారి ఆమె నా మాట నమ్మి మళ్ళీ వంగింది.