జ్ఞానసుందరి ఆర్గన్

నేను ఒక ఎలక్ట్రిక్ ఆర్గన్ని. చేతులకు రెండు వరుసల మెట్లు, కాళ్ళకు పాతిక పెడళ్ళు, రెండు క్వింటాళ్ళ బరువు. షికాగోలో పుట్టి, ఓడెక్కి విశాఖ రేవులో దిగాను. రైల్వే క్లబ్బు మేడమీదికి నన్ను మోసిన కళాసీలు తిట్టిన తిట్లే నేను విన్న మొదటి తెలుగు. క్లబ్బువాళ్ళు దర్జా కోసం నన్ను తెప్పించారు గాని, వాయించే మనిషి కావాలన్న సంగతి మరిచిపోయారు. రెండేళ్ళు నా మీద పూలకుండీలు పెట్టుకున్నారు.

అప్పుడొచ్చింది జ్ఞానసుందరి, నన్ను వాయిస్తానంటూ. ఇరవై రెండేళ్ళ పిల్ల. వారమంతా ఇంట్లో బట్టలు కుట్టేది, ఆదివారం చర్చిలో పాటలకు హార్మోనియం వాయించేది. శాక్సాఫోన్ వాయించే క్లబ్బు బ్యాండ్‌మాస్టరు రోలండ్ ఆమెను ఎగాదిగా చూశాడు.

"చీర కట్టుకుని పెడళ్ళు ఎలా తొక్కుతావమ్మా?"

"రోజంతా మిషను తొక్కుతానండి. కాళ్ళకి అలవాటే."

ఆ బ్యాండు వాయించేది జాజ్. అంటే కాగితం మీద ఉన్నది అప్పజెప్పడం కాదు. ఒక వరస అందుకుని అప్పటికప్పుడు అల్లుకుపోవడం. రోలండ్ ఒకటి వాయిస్తే ఆమె దాన్ని తిప్పి, మడిచి, కొత్తగా అతనికే అప్పగించేది. మూడో వారానికి అతను ఆమె రాకముందే వచ్చి కూర్చునేవాడు.

పన్నెండేళ్ళకు బొంబాయి జాజ్ ఉత్సవం నుంచి పిలుపొచ్చింది. ప్రయాణానికి పది రోజులుందనగా జ్ఞానసుందరి బస్సు దిగుతూ పడింది. ఎడమ మణికట్టు విరిగి, మోచేతి దాకా సిమెంటు కట్టు.

"ఈసారికి అక్కడే ఎవరినైనా చూసుకుంటాను," అన్నాడు రోలండ్, ఆమె మొహం చూడలేక.

"ఒక్క చెయ్యే కదా మాస్టారూ విరిగింది. తతిమ్మావి బాగానే ఉన్నాయి."

ఆ పది రోజులూ ఎడమచేతి పనంతా పాదాలకు నేర్పింది. పిక్కలు పట్టేసి ఏడ్చింది, ఏడుస్తూనే తొక్కింది. నాకు జాలేసింది గాని, నొక్కితే పలకడం తప్ప నేనేం చేయగలను?

నన్నూ రైలెక్కించి తీసుకెళ్ళారు. బొంబాయిలో కట్టుతో వేదికెక్కిన మనిషిని చూసి ముందు వరుసలో ఎవరో నవ్వారు. ఆమె కుడిచేత్తో ఒక వరస ఎత్తుకుంది. కింద పాదాలు పరుగందుకున్నాయి. నాలో ఇంత గొంతుందని నన్ను చేసినవాళ్ళకు కూడా తెలియదు. రోలండ్ తన వంతు వచ్చినా శాక్సాఫోన్ ఎత్తకుండా అలాగే నిలబడి విన్నాడు. చివరి స్వరం ఆగేసరికి హాలంతా లేచి నిలబడింది.

మర్నాడు ఒక పత్రిక దాన్ని 'ఒంటిచేతి శైలి' అని పొగిడింది. ఆ ఏడాది ఇద్దరు కుర్ర విద్వాంసులు రెండు చేతులూ బాగున్నా ఒక్కటే వాడారట!

తర్వాత ముప్పయ్యేళ్ళు కలకత్తా, కొలంబో, సింగపూరు తిరిగాం. మూడు రికార్డుల అట్టలమీద ఆమె పేరు పెద్దక్షరాల్లో పడింది.

ఇప్పుడు నేను విశాఖలో ఒక మ్యూజియంలో ఉన్నాను. ముందు తాడు, పక్కన 'తాకరాదు' అన్న బోర్డు. నిన్న ఎనభై దాటిన జ్ఞానసుందరి కర్ర పట్టుకుని వచ్చింది. వస్తూనే తాడు పైకెత్తింది.

"ముట్టుకోకండమ్మా, మా సారు తిడతారు," అన్నాడు కాపలాదారు.

"మీ సారుని కూడా రమ్మను నాయనా. కూర్చుని వింటాడు."

అతను ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత వంగి, గోడకున్న ప్లగ్గులో నా తీగ తనే గుచ్చాడు.