వాడ చివర చౌకైన టమాట

కోహెడలో కిలో టమాట వాడ మొదట్లో నలభై, వాడ చివర పన్నెండు. నా కంప్యూటర్ చూపించిన మాట ఇది. గ్రాఫులో గీత జారుడుబండలాగా నున్నగా కిందికి దిగింది. ఏదో గొప్ప సంగతి కనిపెట్టాననుకుని మురిసిపోయాను.

నేను సిద్దిపేటలో ఒక సర్వే ఆఫీసులో కొత్తగా చేరాను. ఇంటింటా అడిగి తెచ్చిన తిండి ధరలను విశ్లేషించడం నేర్చుకుంటున్నాను. శుక్రవారంలోగా సరైన రిపోర్టు ఇస్తేనే ఉద్యోగం ఖాయం. లేదంటే మా మేనమామ దుకాణంలో కూర్చుని, కొనని వాళ్లకు చీరలు విప్పి చూపించాలి. ఆ బతుకు నాకొద్దు బాబోయ్!

పని నేర్పే శైలేందర్ సార్ గ్రాఫు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"గదే అంగడి, గదే టమాట. నాలుగిండ్లు దాటంగనే ధర పడిపోతదా రజినీ? ఇంట్ల కూసొని రాసినవా ఏంది?"

నాకు ఒళ్లు మండింది. ఎండలో తిరిగి తెచ్చిన లెక్కలవి! వాడలోని ఆడవాళ్లంతా గడప గడపకూ నా వెంటే వచ్చారు కూడా. మర్నాడే కోహెడ బస్సెక్కి, ఈసారి వాడ చివరి నుంచి మొదలుపెట్టాను.

చివరి ఇల్లు పోశమ్మది. "మొన్నటి అంగడిలనా? నలభైకి తెచ్చిన" అంది.

"పోయినసారి పన్నెండన్నవు గద పెద్దమ్మా!"

"అప్పుడు అందరు నాకంటె ముందు చెప్పిరి. కాంతమ్మ పదిహేనన్నంక నేను నలభై అంటె, బేరం చేయరాదని నవ్వరా బిడ్డా?"

ఓరి దేవుడా! ఒకరిని మించి ఒకరు తగ్గించుకుంటూ పోయారన్నమాట. ఇక ఒక్కొక్కరినీ వాళ్ల ఇంట్లోకే తీసుకెళ్లి, తలుపు దగ్గరికి వేసి అడిగాను. "నీ సంగతి వద్దు. పక్కింటామె ఎంతకు తెచ్చింది?"

"ఆమెనా? నలభై పెట్టింది. ఉత్త అమాయకురాలు!" ప్రతి ఇంట్లోనూ ఇదే జవాబు. తన గుట్టు దాచుకునే నోరు పక్కింటి గుట్టు ఎందుకు దాస్తుంది?

శుక్రవారం సార్ రిపోర్టు చదివి, "శెబ్బాస్" అన్నాడు. ఉద్యోగం కాగితం ముందుకు లాగి పెన్ను తీశాడు. "అయినా బేరం వస్తె నలభై ఎందుకు? నేను నిన్న ముప్పైకే తెచ్చిన."

నోరు మూసుకుని ఉంటే నా సొమ్మేం పోయేది?

"నేను ఇరవై ఐదుకే తెచ్చిన సార్!"

పెన్ను ఆగిపోయింది.

"రిపోర్టుల నలభై రాసి, నువ్వు ఇరవై ఐదుకు యాడ తెచ్చినవ్?"

"అబద్ధం సార్. నలభైకే తెచ్చిన."

సార్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నేను నలభై ఐదు పెట్టిన. మా ఇంటామెకు తెలిస్తె బతకనియ్యది."

అని, గబగబా సంతకం పెట్టేశాడు.