దగ్గర్లో ఆగిన బంతి

ఆమె భర్త ఒకప్పుడు లిఫ్టుల మెకానిక్కు. పెద్ద పెద్ద భవనాల్లో పైనుంచి కిందికి నిలువునా దిగే చీకటి గొయ్యిలో, ఇనప తాళ్ళ పక్కన నిచ్చెన పట్టుకుని పనిచేసేవాడు. ఒకరోజు కాలు జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఎముకైతే అతికింది గానీ, కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది, పట్టూ తగ్గిపోయింది. కంపెనీవాళ్ళు జాలిపడి ఆఫీసులో ఒక కుర్చీ చూపించారు. భవనాల యజమానులతో మాట్లాడి లిఫ్టుల మరమ్మతు కాంట్రాక్టులు తెచ్చే పని. ఆ కుర్చీ అయినా గట్టిది కాదు.

"మేడలాయన కాంట్రాక్టు ఈసారీ మనకే వస్తే నువ్విక్కడే ఉంటావు. పోయిందనుకో, ఆఫీసులో ఇంతమందిని కూర్చోబెట్టుకోలేం. మళ్ళీ గొయ్యిలోకి దిగాల్సిందే," అని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఊళ్ళో సగం ఆఫీసు భవనాలు ఆ మేడలాయనవే. కాస్త వయసు మళ్ళిన మనిషి. ఆయనకున్న పిచ్చల్లా గోల్ఫ్. ఆదివారాలు మేనేజరు ఆయనతో ఆడతాడు. వాళ్ళతో కలిసి ఆడే మూడో అతను ఉద్యోగం మానేసి పోతే, ఆ ఖాళీలోకి మేనేజరు ఇతన్ని లాగాడు.

"నాకు కర్ర పట్టుకోవడమే రాదు సార్," అన్నాడతను.

"రాకపోతే కొంపలేం మునగవు. చెత్తగా ఆడినా ఆయన భరిస్తాడు, పద్ధతి తెలీనివాణ్ణి మాత్రం భరించడు. ఆ పద్ధతేదో నేర్చుకుని రా."

ఇంటికొచ్చి ఆ మాట ఆమెకి చెప్పాడు. చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయిన మనిషి. అయినా భర్తకి పరీక్ష అనేసరికి కొంగు బిగించింది. పాపకి అన్నం తినిపిస్తూ, బట్టలు మడతపెడుతూ, ఫోనులో గోల్ఫ్ పద్ధతుల వీడియోలు వరసగా పెట్టుకుని వినేది. వ్యాపారం మాట్లాడాల్సిన పెద్దమనుషులతో ఆడేటప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఇవన్నీ అందులో ఒకాయన నెమ్మదిగా చెప్పేవాడు. సాయంత్రం భర్త రాగానే వంటింటి గడప మీద కూర్చోబెట్టి అప్పజెప్పించుకునేది.

"ఆయన కొట్టేటప్పుడు మీరేం చెయ్యాలి?"

"ఊపిరి బిగబట్టుకుని శవంలా నిలబడాలి."

"శుభమా అంటూ ఆ మాటలేంటి. ఎక్కడ నిలబడాలి?"

"నా నీడ ఆయన బంతి మీద పడని చోట."

"మీ బంతి గడ్డిలో పోతే?"

"దాని కోసం ఏడుస్తూ కూర్చోకూడదు. కాసేపు చూసి, దొరక్కపోతే ఇంకోటి తీసి ఆడెయ్యాలి. ఆలస్యం చేస్తే ఆయనకి మండుద్ది."

"కాంట్రాక్టు మాట?"

"ఆయన ఎత్తితేనే. నేనెత్తకూడదు."

"సరే. ఆయన బంతి హోల్‌కి, అదే, బంతి పడాల్సిన గుంతకి, బాగా దగ్గర్లో వచ్చి ఆగింది. అప్పుడు?"

అతను పాప వైపు తిరిగి, "చెప్పవే తల్లీ, మీ అమ్మ కొట్టేట్టుంది," అన్నాడు.

"రోజూ దీని దగ్గరే తప్పుతున్నారు. అంత దగ్గర్లో ఉన్నదాన్ని ఎవరైనా వేసేస్తారు కదా. అందుకని ఆయన్ని మళ్ళీ కొట్టించకూడదు. 'అది పడినట్టేనండీ' అని, బంతి మీరే తీసి చేతికివ్వాలి. అదొక మర్యాద. ఇంకేం మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోకండి, మీకు దణ్ణం పెడతాను."

మిగతావన్నీ చెయ్యకూడనివే. చేసి చూపించి, ఎదుటి మనిషి మనసు గెలుచుకునే వీలున్నది ఇదొక్కటే అని ఆమెకి తోచింది. అందుకే దాన్ని పట్టుకుని వదల్లేదు.

ఆదివారం ఆట అయ్యాక క్లబ్బులోనే భోజనాలు. ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారు. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, పాపని చంకనేసుకుని ఆమె వరండాలో ఓ మూల కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఆట చివరి హోల్ సరిగ్గా ఆ వరండా ఎదుటే. దువ్వినట్టున్న పచ్చిక, మధ్యలో సన్నటి జెండా కర్ర. పక్క కుర్చీలో మేడలాయన కూతురు. నడివయసు మనిషి, కలుపుగోలుగానే ఉంది.

"పాప అల్లరి చెయ్యదా?"

"చేస్తుందండీ. ఇప్పుడు బిస్కెట్ నోట్లో ఉందని ఊరుకుంది."

"మంచిది. ఇక్కడ ఎవరైనా దగ్గితే చాలు, మా నాన్న ఇంటికెళ్ళేదాకా తిడతారు."

ముగ్గురూ మలుపు తిరిగి వచ్చారు. భర్త బంతి ఇసక గుంటలో పడింది. అతను అందులో దిగి తంటాలు పడుతున్నాడు. మేడలాయన మాత్రం ఎవరినీ చూడటం లేదు. పచ్చిక అంచునుంచి మెల్లగా కొట్టాడు. బంతి దొర్లుకుంటూ వచ్చి హోల్‌కి బెత్తెడు దూరంలో ఆగింది. పడలేదు. అవతల నిలబడ్డ మేనేజరు వరండా వైపు చూసి వేళ్ళతో ఏదో సైగ చేశాడు.

మేడలాయన కూతురు ముందుకి వంగింది. గొంతు బాగా తగ్గించి, "ఎనభై ఎనిమిదట," అంది.

"ఏంటండీ అది?"

"ఆటంతటికీ కలిపి కొట్టిన దెబ్బలు. తొంభై లోపు ముగించాలని మా నాన్నకో పంతం. నా పెళ్ళికి ముందునుంచీ ఉంది. ఎప్పుడూ ఒకటో రెండో ఎక్కువై ఆగిపోతారు. ఇప్పుడీ ఒక్కటీ వేస్తే ఎనభై తొమ్మిది."

"వేస్తారండీ. అంత దగ్గర్లో ఉందిగా. పడినట్టే లెక్క కదా?"

"సరదాకి ఆడుకునేటప్పుడు అలాగే వదిలేస్తారు. ఇలా లెక్క కట్టి ఆడేటప్పుడు కుదరదమ్మా. తన చేత్తో లోపలికి వెయ్యాల్సిందే. చేతులు వణుకుతున్నాయి, చూశావా? వచ్చే నెల నుంచి ఆట మానేస్తానని తనే అన్నారు. ఇదే ఆఖరు అనుకో."

ఆమె చప్పున ఇసక గుంట వైపు చూసింది.

మేడలాయన పక్కకి తిరిగి, వేళ్ళు ఒకసారి ముడిచి విప్పుకుంటున్నాడు. మేనేజరు జెండా కర్ర తీసి పచ్చిక బయట పడుకోబెట్టడానికి వెళ్ళాడు. అప్పుడే ఇసక దులుపుకుంటూ ఆమె భర్త పైకొచ్చాడు. బంతి చూశాడు. అది ఎంత దగ్గర్లో ఉందో చూశాడు. అతని మొహం విప్పారింది.

పిలవాలి. "ఏమండీ" అన్న మాట గొంతుదాకా వచ్చింది. వరండాలో ఉన్నవాళ్ళందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. తను అరిస్తే ఆ పెద్దాయన ఉలిక్కిపడడూ? ఎవరీ పిల్లతల్లి అని అందరూ తిరిగి చూడరూ? అరిచినందుకే కాంట్రాక్టు పోతే? పిలవాలో వద్దో తేల్చుకోలేక, పాపని పట్టుకుని ఊరికే లేచి నిలబడింది.

లేచిన కదలికకి అతను ఇటు చూశాడు. తన గొప్పతనం చూడ్డానికే పెళ్ళాం లేచిందనుకున్నాడు కాబోలు, గుర్తుందిలే అన్నట్టు చిన్నగా తలూపి నవ్వాడు. చకచకా నడిచి, వంగి, "అది పడినట్టేనండీ," అంటూ బంతి తీసి రెండు చేతులతో ఆయనకి అందించాడు.

పాప బిస్కెట్ కొరికిన చప్పుడు ఆమెకి పెద్దగా వినిపించింది.

మేనేజరు పరిగెత్తినట్టే వచ్చాడు. "సార్, మళ్ళీ అక్కడే పెట్టి వేసెయ్యండి సార్. తప్పులేదు."

"ఎక్కడ పెట్టను?" అన్నాడు మేడలాయన. బంతిని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. "ఇక్కడుందని నువ్వంటావు, అక్కడని నేనంటాను. వద్దులే. తొంభై లోపే అని ఎంతమందికి చెప్పుకున్నా, అది నిజంగా వేసింది కాదని నాకు తెలుస్తూనే ఉంటుంది."

బంతి జేబులో వేసుకుని, టోపీ తీసి, పద్ధతి ప్రకారం ఇద్దరితో చెయ్యి కలిపాడు. ఆమె భర్తతోనే ముందుగా కలిపాడు. "థాంక్సండీ," అన్నాడు కూడా.

భోజనాల దగ్గర పాపకి ఎన్ని పళ్ళొచ్చాయని అడిగాడు, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. లిఫ్టుల మాట ఆయన ఎత్తలేదు. ఆయన ఎత్తలేదు కనక వీళ్ళూ ఎత్తలేదు. అంతా మర్యాదగానే జరిగిపోయింది.

బయట కార్ల దగ్గర మేనేజరు ఆగాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది ఆమెకి.

"ఏం చేశావో తెలుసా?"

"బంతి దగ్గర్లో ఉంది కదా సార్. ఇంతసేపూ నా బంతి వెతుక్కోడమే సరిపోయింది, నేను వెళ్ళేసరికి ఆయన ముగించేసేవారు. ఇక్కడ వీలు దొరికింది కదాని..."

మేనేజరు తొంభై సంగతి విడమర్చి చెప్పాడు. వింటుంటే అతని మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"ఎవరు నేర్పారయ్యా నీకిది?"

ఆమె పక్కనే ఉంది. పాప కాళ్ళు ఆమె నడుముకి తగులుతున్నాయి.

"ఎవరూ లేదు సార్. నేనే ఎక్కడో చూశాను," అన్నాడతను.

ఆమె నోరు విప్పలేదు. అప్పుడూ విప్పలేదు.

కాంట్రాక్టు వేరే కంపెనీకి వెళ్ళింది. మేడలాయనకి కోపమేమీ లేదట. "ఆ అబ్బాయి మంచివాడే. కానీ లిఫ్టు చెడినప్పుడల్లా అతని మొహం చూడాలి కదా, నావల్ల కాదు," అన్నాడట మేనేజరుతో.

గొయ్యిలోకి వెళ్ళాల్సిన రోజు పొద్దున, అతని పాత నీలం చొక్కా చేతిలోకి కుడిచెయ్యి దూర్చడానికి ఆమె సాయం పట్టింది.

"నేనే నేర్పానని మేనేజరుకి ఫోన్ చేసి చెప్తాను."

"చెప్తే ఏమవుద్ది? నా బదులు నిన్ను దింపుతారా గొయ్యిలోకి?"

"నవ్వులాట కాదండీ. అక్కడికక్కడే చెప్పాల్సింది. కనీసం పిలిచి ఉంటే ఆపగలిగేదాన్ని."

"నువ్వు పిలిస్తే నేనేమైనా ఆగేవాణ్ణా. నీ మాట ఎప్పుడు విన్నాను కనక," అని గుండీలు పెట్టుకున్నాడు. బంతి తీసివ్వమన్న ఆ ఒక్క మాటా విన్నాడన్నది ఇద్దరికీ తెలుసు.

ఏ పనీ సాగలేదామెకి. పాప తినకుండా ముద్ద ఉమ్మేసినా కసరలేదు. ఫోను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం అది మోగింది. ఎత్తడానికి వేలు రాలేదు. పాప దాన్ని లాక్కోబోతే అప్పుడు ఎత్తింది.

"తిన్నావా?" అన్నాడు.

"ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటాను, లోపలే. బానే ఉందిలే. నువ్వు బెంగపెట్టుకుని తినవని చేశాను."

అతని మాట వెనక ఎక్కడో ఇనుము మీద ఇనుము రాసుకుంటోంది. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది.

"నిచ్చెన మీదున్నారా?"

"ఊఁ."

"ఫోను ఏ చేత్తో పట్టుకున్నారు?"

నిచ్చెన కిర్రుమంది.

"ఎడం చేత్తోనా? మరి నిచ్చెన దేంతో పట్టుకున్నారండీ? ముందు ఫోన్ పెట్టెయ్యండి. నేను తింటాను. ఇప్పుడే తింటున్నాను, పెట్టెయ్యండి."

అటునుంచి ఊపిరి వినిపిస్తోంది. అతను పెట్టలేదు. ఫోను జేబులో పెట్టుకోవాలంటే పట్టులేని ఆ కుడిచెయ్యి ఒక్కదాని మీదే ఆనుకుని కదలాలని, అందుకే పెట్టలేకపోతున్నాడని ఆమెకి అర్థమైంది. ఇంక మాట్లాడితే ఉలిక్కిపడతాడేమోనని, పాప నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి, చప్పుడు చెయ్యకుండా వింటూ కూర్చుంది.