చెవి పక్కనుంచి కారిన దరువు

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. గోడలకు చెవులుంటాయని మీరంటారు గానీ, చెవులకు గోడలు కట్టడమే నా వృత్తి. లోపలి మోత బయటికి పోకూడదు, బయటి రొద లోపలికి రాకూడదు. ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నన్ను చెవులకు పెట్టుకుని, ఒక్క 'టింగ్' విని, తలూపి డబ్బాలో పడేసింది. ఆ మాత్రం పరీక్షకే జీవితాంతానికీ యోగ్యతాపత్రం ఇచ్చేయడం మనుషులకే చెల్లింది.

నా మొదటి యజమాని కాకినాడలో ఒక కంపెనీ తరఫున జనం ఫిర్యాదులు వినే కుర్రాడు. అటువైపు తిట్లు మొదలవగానే ఇటు నా ఎడమ దిండు తోలు గోటితో గిల్లేవాడు. తిట్లు వాడికి, తోలు ఊడింది నాకు. చివరికి అక్కడ ఒక చిల్లు పడింది. వాడు వేరే ఉద్యోగం చూసుకుని నన్ను రిపేరు షాపులో వదిలేశాడు. అక్కడినుంచి హైమవతి చేతికి వచ్చాను.

హైమవతి కంటి ఆసుపత్రిలో పేషెంట్ల పేర్లు రాసుకునే ఉద్యోగి. ఆదివారం మధ్యాహ్నాలు గాయని. ఆమె స్టూడియో ఏమిటో చెబితే నవ్వుతారు. చీరల బీరువా! తలుపులు తెరిచి, చీరల మధ్య మైకు పెట్టి, తల అందులో దూర్చి, పైన బొంత కప్పుకుని పాడేది. పక్కింటి కుక్కరు కూతలూ కాకుల గోలా మైకులో పడకుండా ఉండాలంటే అంతకు మించి మార్గం లేదు మరి.

దీవుల దరువుల మీద ఒక ఆల్బమ్ చేస్తున్నారు. చేసేది ముగ్గురు. ఒకరినొకరు ఎదురుగా చూసిన పాపాన పోలేదు. హైమ పాడుతుంది. హైదరాబాదులో షఫీ అన్నీ కలిపి కుడతాడు. మారిషస్ దీవిలో నూకయ్య అనే పెద్దాయన రవాన్ వాయిస్తాడు. పెద్ద జల్లెడంత చట్రానికి మేకతోలు బిగించిన వాద్యం అది. మన డప్పులాగే ముందు మంట దగ్గర కాచాలి. నూకయ్య పూర్వీకులు మన తీరంనుంచి చెరకు తోటల పనికి వెళ్ళినవాళ్ళు. ఆయన నాలుక మీద ఇంకా కాస్త తెలుగు మిగిలి ఉంది.

ఆఖరి పాట జోలపాట. దానికి నూకయ్య తల్లి వాయించిన దరువు కావాలి. అది తెలిసిన మనిషి ఆ దీవిలో ఇక ఆయనొక్కడే. ఒకరోజు వాయించి హైమకొక్కదానికే పంపి, వెంటనే ఫోన్ చేశాడు. హైమ ఫోను మాటలూ నాలోంచే వింటుంది.

"అమ్మాయీ, ఇది లెక్కలోకి రాదు. వాన. మంట అంటుకోలేదు. తోలు కాగలేదు, మెత్తగా పలికింది. నువ్వు దీంతో పాడుకుని తుడిచెయ్యి. నేనూ తుడిచేశాను. మంచిది పంపుతా."

"అలాగేనండి బాబాయ్ గారూ," అంది హైమ. పెద్దవాళ్ళు చెప్పాక ఎందుకని అడిగే అలవాటు ఆమెకు లేదు. దరువు నాలో వింటూ బీరువాలో రెండుసార్లు పాడింది. మొదటిసారి మధ్యలో మాట మరిచిపోయి బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయింది. రెండోసారి చక్కగా వచ్చింది. గొంతు మట్టుకే ఉన్న ఆ రెండు టేకులూ షఫీకి పంపి, దరువును బుద్ధిగా తుడిచేసింది.

మర్నాడు షఫీ ఫోన్. "మేడమ్, మీ గొంతు ఎనక ఈ టకటక ఏంది? హెడ్‌ఫోన్ల కెళ్ళి ఆవాజ్ బయటికొస్తున్నది. మీరు మాట మర్చిపోయిన కాడనైతే అంతా గదే! పారేయుండ్రి దాన్ని. కొత్తది పంపుతున్న."

అది కారింది నా చిల్లులోంచే. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలి మోత బయటికి పోకూడదన్న ఒకే ఒక్క ధర్మం, అదీ నిలబెట్టుకోలేకపోయాను. ఇక చెత్తబుట్ట ఎప్పుడా అని క్షణమొక యుగంగా గడిపాను.

అంతలో ఆ దీవి మీద తుఫాను విరుచుకుపడింది. హైమ పంపిన ప్రతి మెసేజీ దగ్గరా ఒకటే టిక్కు. ఆ రెండో టిక్కు కోసం కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. ఏ పాటా పెట్టకుండానే నన్ను తగిలించుకుని కూర్చునేది. ఆమె కణతల్లో నాడి నాకు వినపడేది. ఆ పరుగుకు తాళం వేసేవాడు ఎక్కడా లేడు. నా చెత్తబుట్ట భయం నాకే చిన్నదైపోయింది.

ఒక మధ్యాహ్నం తెలియని నంబరునుంచి ఫోన్ వచ్చింది.

"బతికే ఉన్నా అమ్మాయీ. కప్పు కూలింది. ఫోను దానికిందే పోయింది. కుడి మణికట్టు నుజ్జు. ఇక వాయించలేవన్నాడు డాక్టరు."

"మీరున్నారు, అదే చాలండి," అంటూ హైమ ఏడ్చేసింది. "ఆ దరువు నోటితో చెప్పండి బాబాయ్ గారూ. ఎవరిచేతనైనా వాయిద్దాం."

"నిన్నటినుంచీ అదే పనిలో ఉన్నా. రావట్లేదు. అది నా చేతికి తెలుసమ్మా, నాకు తెలీదు." అంతలోనే ఆశగా అడిగాడు. "ఆ మెత్తటిది ఉందిగా నీ దగ్గర?"

"తుడిచెయ్యమన్నారు కదండీ..."

"అవునవును. నేనే అన్నాను," అన్నాడు నూకయ్య. ఆ పొడి గొంతు వినడం కంటే విరిగిపోవడం నయమనిపించింది నాకు.

ఆమె నేలమీద కూలబడిపోయింది. విధి వెటకారం చూడండి, సరిగ్గా అప్పుడే షఫీ పంపిన కొత్త హెడ్‌ఫోన్ గుమ్మంలోకి వచ్చింది. హైమ నన్ను మెడలోంచి తీసింది. ఆమె వేలు నా చిల్లుమీద పడి ఆగిపోయింది. అలా ఎంతసేపు చూసిందో! ఒక్కసారిగా లేచి, నన్ను మళ్ళీ చెవులకు తగిలించుకుని షఫీకి ఫోన్ కలిపింది.

"షఫీ, నేను మాట మరిచిపోయిన టేకు ఉందా?"

"మీ పాట సాఫ్ చేసి పెట్టిన మేడమ్, టకటకంతా తీసేసిన."

"సాఫ్ చేసింది కాదయ్యా! పాడైపోయినదే కావాలి!"

"ఆగుండ్రి." అటువైపు కీబోర్డు చప్పుడు. ఇటు ఆమె నాడి, నా చెవిలో సుత్తిదెబ్బలు. "ఉన్నది. నేనేదీ పారేయ మేడమ్. ఖరాబ్ అని పేరు పెట్టి దాచిపెట్టుకుంట."

వచ్చింది. కొత్త హెడ్‌ఫోన్ డబ్బాలోనే ఉంది, హైమ ఆ టేకును నాలోంచే వింది. చీరల గరగర, రెండు పాదాలు, ఆపైన మాట తడబడి ఊపిరి చప్పుడు. ఆ ఊపిరి అడుగున, నేను సిగ్గుతో చచ్చిపోయిన ఆ చోటనే, సన్నగా, ఎక్కడా తెగకుండా, దరువు.

నూకయ్యకు పంపి ఫోను పట్టుకుని కూర్చుంది. చివరికి ఆయనే ఫోన్ చేశాడు. ముందుగా వినిపించింది బల్లమీద వేళ్ళ చప్పుడు. ఎడమచెయ్యి. తప్పింది, మళ్ళీ తప్పింది, మూడోసారి పట్టుకుంది.

"తోలు కాగలేదు," అన్నాడాయన. "అయినా అది మా అమ్మే."

ఆఖరి పాట అదే టేకుతో, ఆమె తడబాటుతో సహా, ఆల్బమ్‌లోకి వెళ్ళింది. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. నేను గుట్టు దాచలేకపోవడం మాత్రం ఒక లంకకు మేలే చేసింది. అలాగని ఎవరూ నాకు దండ వెయ్యలేదు లెండి. పాటల పని కొత్తది చూసుకుంటోంది. నేను బీరువా పక్కన మేకుకు వేలాడుతున్నాను. హైమ చీపురు పట్టిన ప్రతిసారీ నా ప్రాణం గిలగిల్లాడుతూనే ఉంటుంది.

మొన్న ఆదివారం నూకయ్య ఎడమచేత్తో రవాన్ వాయించి పంపాడు. హైమ కొత్తదాన్ని పక్కన పెట్టి, మేకుమీది నన్నే తీసి తగిలించుకుంది. దరువు అయిపోయాక ఆయన మాట వినపడింది.

"ఇదీ మెత్తగానే ఉంది అమ్మాయీ. తుడిచెయ్యకు."