పదకొండో అంకె

నా లెక్కంతా నిమిషాల్లోనే. సుల్తానాబాద్ బస్టాండ్ ఎదురుగా నాది జిరాక్స్, ఆన్‌లైన్ దుకాణం. పాత పీడీఎఫ్ ఒకటి వెతకడానికి ఇరవై నిమిషాలు పడితే, ఆలోగా నలుగురు గిరాకీలు పక్క దుకాణానికి పోతారు. అందుకే బీటెక్ చదివే మా అన్న కూతురు పద్మలతతో వెబ్‌సైట్ చేయించాను. ఫోన్ నంబర్ కొట్టి పీడీఎఫ్ దాచాలి, మళ్లీ అదే నంబర్ కొడితే ఫైలు రావాలి. నెలన్నర బాగానే నడిచింది.

మొన్న పన్నెండున్నరకు కిష్టవ్వ తన కూతురు వినోదను వెంటబెట్టుకుని ఉరికొచ్చింది. వినోదకు కరీంనగర్ నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. నాలుగింటిలోగా ఆదాయ సర్టిఫికెట్ ఇవ్వకపోతే అది ఇంకొకరికి పోతుంది. కాగితం ఆటోలో మరిచిపోయారు. కొత్తదానికి వారం పడుతుంది. దాని పీడీఎఫ్ మాత్రం నా దగ్గర దాచారు.

"నంబర్ చెప్పు చెల్లె."

కిష్టవ్వ గడగడా చెప్పింది. కొట్టాను. ఫైలు లేదని వచ్చింది. మళ్లీ కొట్టినా అదే మాట.

"ఏం దుకాణం పెట్టినవన్నా! దాచింది దాచినట్టు ఉండదా?"

"నువ్వే నంబర్ తప్పు చెప్తున్నవేమో."

"పదేండ్ల సంది మస్కట్ల ఉన్న మా ఆయన నంబర్ నేను తప్పు చెప్తనా? నిద్రల లేపి అడుగు!"

ఒంటిగంట బస్సు వెళ్లిపోయింది. వినోద చున్నీతో కళ్లు తుడుచుకుంది. నేను పద్మలతకు ఫోన్ చేశాను.

"చిన్నబాపూ, గా నంబర్ల ఎన్ని అంకెలున్నయ్?"

లెక్కపెట్టాను. ముందున్న దేశం కోడ్ 968తో కలిపి పదకొండు.

"అయ్యో! దాచేటప్పుడు పది అంకెలే తీసుకునేటట్టు రాసిన. సైటు ఆఖరుది కోసేసి దాచుకుంది. ఎతికేటప్పుడేమో పదకొండూ చూస్తుంది, ఎట్ల దొరుకుతది? ఆఖరుది తీసేసి కొట్టు జర."

తీసేసి కొట్టాను. సర్టిఫికెట్ తెర మీదికొచ్చింది. రెండు ప్రింట్లు తీసి, ఒకటిన్నర బస్సుకు వినోదను ఎక్కించాం.

"మా ఆయన నంబర్ తోక కోసిండ్రా!" అని కిష్టవ్వ నవ్వింది. "మా వాడకట్టుల సగం ఇండ్లు గల్ఫ్ నంబర్లే ఇస్తయ్ అన్నా."

సగం వాడ అంటే ఎన్ని ఇరవై నిమిషాలో లెక్కేసుకుని, అప్పటికప్పుడే పద్మలతతో సరిచేయించాను.

మూడున్నరకు, ఇంకా నా దుకాణంలోనే కూర్చున్న కిష్టవ్వకు వినోద ఫోన్ చేసింది. "అవ్వా, తీసుకున్నరు! సీటు ఖాయం."

కిష్టవ్వ వెంటనే మస్కట్‌కు కలిపింది.

"డ్యూటీల ఉంటే ఉండు, గీ ముచ్చట ఇను. బిడ్డకు సీటు ఖాయమైంది. నువ్వు మాత్రం సిమ్ము మార్చకు. మన కాగితాలన్నీ నీ నంబర్ మీదనే ఉన్నయ్!"