డార్డో పేరు కింద ఖాళీ

మా క్లబ్బులో ఎవరూ "ఎన్ని కిలోలు ఎత్తావు" అని అడగరు. "నీకు ఎన్ని రెట్లు ఎత్తావు" అని అడుగుతారు. నూట ముప్ఫై కిలోల ఎల్బియో రెండు వందల కిలోల కడ్డీని నేల మీంచి లేపి ఆంబోతులా రంకె వేసినా ఇక్కడ ఎవరూ తల తిప్పి చూడరు. అది అతనికి ఒకటిన్నర రెట్లే కదా. గోడ మీద పేరెక్కాలంటే మగవాళ్ళు తమ బరువుకి రెండున్నర రెట్లు ఎత్తాలి, ఆడవాళ్ళు రెండు రెట్లు. ఇది క్లబ్బు పెట్టిన లెక్క కాదు. నది ఒడ్డున మాంసం ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో లోడింగు పనివాళ్ళు పెట్టుకున్న లెక్క. ఆదివారం పని లేనప్పుడు మాంసం తూచే కాటా మీద వాళ్ళే ఎక్కి, ఎవడు తనకంటే ఎన్ని రెట్లు మోయగలడో పందాలు కాసేవారు. ఫ్యాక్టరీ మూతపడింది. కాటా మిగిలింది, తోళ్ళు ఆరబెట్టే షెడ్డు మిగిలింది, ఆ పనివాళ్ళలో విల్మార్ మిగిలాడు. ఆ మూడూ కలిస్తే మా క్లబ్బు.

"ఈ లెక్క ఎక్కడి న్యాయం?" అని ఎల్బియో ఏడాదికోసారైనా గోల పెడతాడు. "చిన్న ఒంటి వాళ్ళకే లాభం. రేపు ఎవడో చీమని పట్టుకొస్తే మనమంతా సంచులు సర్దుకుని ఇంటికి పోవాలి."

"పట్టుకురా," అంటాడు విల్మార్. డెబ్భై అయిదేళ్ళ మనిషి, నవ్వడు. "కాటా ఎక్కిస్తా."

గోడ మీద అన్నిటికంటే పైన ఉన్న పేర్లలో ఒకటి నా మొగుడిది. డార్డో, రెండున్నర. దాని కింద జానెడు ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఊరికే మిగిలిపోయింది కాదు, డార్డో పట్టుబట్టి ఉంచింది. "ఇక్కడ ఇంకెవడి పేరూ రాయకు, మా బొండాం పేరు వస్తుంది," అని విల్మార్‌తో అందరి ముందూ చెప్పాడు. బొండాం అంటే నేనే. నా పేరు నుబియా. కాస్త బొద్దుగా ఉండేదాన్ని. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది కోపం వచ్చినప్పుడు మాత్రమే. ఆయనకి కోపం తక్కువ. కోపమంతా నా వాటాకి వచ్చింది.

నిజానికి నేను క్లబ్బుకి వెళ్ళింది మాతే, అదే మేం టీలా తాగే ఆకు కషాయం, తాగుతూ ఓ మూల కూర్చోవడానికి. అప్పటికి యాభై దాటాయి. పిల్లలు లేరు. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని ఏం చెయ్యాలి? ఒకరోజు డార్డో కడ్డీకి చిన్న ఇనుప బిళ్ళలు తొడిగి నా ముందు పెట్టాడు. "వంగి చూడు, కొరకదులే," అన్నాడు. అలా మొదలైంది. "పైకి లాగకు, నేలని కిందికి తొయ్యి," అనేవాడు. "కడ్డీ నీ కాళ్ళని రాసుకుంటూ రావాలి. అది ముందుకి జరిగిందా, నీ నడుం గోవిందా." వారానికి ఒకరోజు బరువు, ఒకరోజు తేలిక. బరువు పెంచితే రెండున్నర కిలోలకి మించి పెంచనిచ్చేవాడు కాదు. అన్నిటికంటే ముఖ్యం తిండి. "ఇనుము సగం షెడ్డులో లేస్తుంది, సగం వంటింట్లో లేస్తుంది," అని నా పళ్ళెంలో తన పళ్ళెంలోంచి మాంసం ముక్కలు వేసేవాడు. నా బరువు అరవై. ఆయన ఉండగా నేను ఎత్తిన ఎక్కువ బరువు నూట అయిదు. గోడ ఎక్కాలంటే నూట ఇరవై కావాలి. "వస్తుందిలే, తొందరేముంది," అనేవాడు.

ఆగస్టులో పోయాడు. మాతే గిన్నె చేతిలో పట్టుకునే, కుర్చీలోనే. నేను నీళ్ళు మరగబెట్టి తెచ్చేసరికి గిన్నె వెచ్చగానే ఉంది.

క్లబ్బు మానలేదు నేను. మానితే డార్డో ఊరుకునేవాడు కాదు. మానింది వంట. అది మాత్రం చేతకాలేదు. మా ఇంట్లో ఉన్నది ఒకే పెద్ద కుండ. అందులో గీసో వండితే, బీన్సు, బంగాళాదుంపలు, మాంసం వేసి చిక్కగా, ఇద్దరం రెండు పూటలు తినేవాళ్ళం. ఒక్కదాని కోసం ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టి, మధ్యలో కత్తి పక్కన పెట్టేసేదాన్ని. పొద్దున మాతే, మధ్యాహ్నం మాతే, సాయంత్రం రెండు బిస్కట్లు. అవీ కుళాయి దగ్గర నిలబడే. కూర్చుంటే ఎదురుగా కుర్చీ కనపడుతుంది. క్లబ్బులో ఉన్నంతసేపూ నేను బాగానే ఉండేదాన్ని. ఇంటికొచ్చి తాళం తీస్తున్నప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమనేది. నాకు ఒంటరిగా ఉండేది. దానికి ఇంకో పేరు పెట్టడం నాకు రాదు.

ఎండాకాలం వచ్చేసరికి నా ప్యాంట్లకి తాడు కట్టుకోవాల్సి వచ్చింది. ఎల్బియో కన్ను ఇలాంటివాటి మీదే ఉంటుంది.

"ఏంటే బక్కపిల్లా, పెళ్ళికూతురిలా తయారయ్యావ్! నాకూ చెప్పు ఆ కిటుకేంటో."

"నోరు మూసుకో. అదే కిటుకు," అన్నాను.

అందరూ నవ్వారు. విల్మార్ నవ్వలేదు. నా కడ్డీ వైపు చూశాడు. దాని మీద తొంభై అయిదు ఉంది. డార్డో ఉన్నప్పుడు అది నాకు తేలిక రోజు ఎత్తే బరువు.

"తింటున్నావా?" అన్నాడు.

"తింటున్నా."

"ఏం తింటున్నావ్?"

"నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. నా నోటికి జడిసి ఊళ్ళో సగం మంది నన్ను ఏమీ అడగడం మానేశారు. అది నాకు ఎప్పుడూ గొప్పగానే అనిపించేది.

లెక్క నాకు తట్టింది కాటా మీద ఉండగా. బరువు యాభై మూడు చూపించింది. అంటే రెండు రెట్లు నూట ఆరు. నూట ఇరవై కాదు, నూట ఆరు! గోడ నా వైపు నడిచి వస్తున్నట్టు అనిపించింది. అంతకు ముందు తినబుద్ధి కాక తినలేదు. ఆ రోజు నుంచి కావాలనే సాయంత్రం బిస్కట్టు కూడా ఒక్కటే తిన్నాను.

క్లబ్బు పుట్టినరోజు జూన్‌లో, మా వైపు చలికాలంలో, వస్తుంది. పేర్లు రాసేది ఆ రోజే. వాన కురుస్తోంది. వాన పడితే మా ఊళ్ళో కొవ్వులో పిండి రొట్టెలు వేయించాల్సిందే కాబట్టి షెడ్డంతా ఆ వాసన. చెప్పులు విప్పి కాటా ఎక్కాను. విల్మార్ గుండు జరిపాడు, ఇంకా జరిపాడు. యాభై ఒకటి దగ్గర ఆగింది. ఆయన కాసేపు ఆ అంకె వైపే చూసి, "నూట రెండు," అని అరిచాడు. బిళ్ళలతో సరిగ్గా నూట రెండు కుదరదు. నూట రెండున్నర పెట్టారు.

చేతులకి సుద్ద రాసుకున్నాను. కడ్డీ పాదాల మధ్యకి వచ్చేలా నిలబడ్డాను. ఊపిరి పీల్చి కడుపు బిగించి నేలని కిందికి తోశాను. కడ్డీ కదల్లేదు. కళ్ళ ముందు నల్లగా అయింది. అప్పుడు బిళ్ళలు నేలని వదిలాయి. కడ్డీ మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నా వీపు వణికింది, తొడలు వణికాయి, అయినా లేచింది. నిటారుగా నిలబడ్డాను. చెల్లిందన్నట్టు విల్మార్ చెయ్యి దించాడు. కడ్డీ దించాను. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా అరిచారు. ఎల్బియో నన్ను అమాంతం ఎత్తేశాడు. "దీన్ని ఎత్తడానికి ఏముంది, పిట్ట!" అన్నాడు.

విల్మార్ సుద్దముక్క తీసుకుని గోడ దగ్గర ఆగాడు. "పోయిన ఏడాది ఎంత ఎత్తావ్?" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా.

"నూట అయిదు."

ఆయన తలూపాడు. డార్డో పేరు కింద రాశాడు: నుబియా, రెండు.

ఎవరో కాగితంలో నాలుగు రొట్టెలు చుట్టి చేతిలో పెట్టారు. వానలో ఇంటికొచ్చాను. తాళం తీశాను. "ఎక్కాను!" అని అరిచాను, గుమ్మంలోంచే. మూడు పదులు దాటిన అలవాటు. ఏదైనా జరిగితే గుమ్మంలోంచే అరుస్తాను. కేటిల్ కూడా పలకలేదు. రొట్టెల పొట్లం బల్ల మీద పెట్టి ఆయన పోయాక మొదటిసారి కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా డార్డో కుర్చీ. ఆయన ఉంటే మొదట ఏమడుగుతాడో నాకు తెలుసు. కడ్డీ మీద ఎంత ఉంది బొండాం, అంటాడు. నూట రెండున్నర, అంటాను. ఆయన తన పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి నా పళ్ళెంలో వేస్తాడు.

నూట అయిదు ఎత్తినప్పుడు నాకు గోడ దక్కలేదు. దానికంటే తక్కువ ఎత్తితే దక్కింది. ఈ మధ్యలో నేను చేసిందల్లా తరిగిపోవడం. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను. డార్డో పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు ఇంటినిండా మనుషులు ఉన్నారు.

మర్నాడు పొద్దున షెడ్డు తీసేసరికే వెళ్ళాను. విల్మార్ నేల ఊడుస్తున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి నా పేరు మోచేత్తో తుడిచేశాను.

"ఏయ్! రాసింది చెరపడం ఇక్కడ లేదు!" అని చీపురు విసిరి వచ్చాడు. "కాటా చూశాం, కడ్డీ చూశాం. రూలు ప్రకారం అది నీదే."

"నాకు రూలు చెప్పకు. సగం నేను ఎత్తాను. మిగతా సగం కాటా ఎత్తింది. నీకు తెలుసు."

ఆయన వంగి చీపురు తీసుకున్నాడు.

"తెలిసీ ఎందుకు రాశావ్?"

"డార్డో పోయాక నువ్వు నవ్వడం నేను చూడలేదు," అన్నాడు. "నిన్న నవ్వుతావేమో అనుకున్నా."

ఒళ్ళు మండుతుందనుకున్నాను. మండలేదు. "బీన్సు ఎక్కడ మంచివి దొరుకుతున్నాయి ఇప్పుడు?" అని అడిగాను. చెప్పాడు.

ఆ రోజు ఉల్లిపాయ మొత్తం తరిగాను. ఆ కుండలో ఒక్కరికి వండడం నాకు రాదు, నేర్చుకోవడం ఇష్టం లేదు కూడా. ఇద్దరికి సరిపడా వండాను. చెయ్యి అలవాటుగా రెండు పళ్ళేలు దించింది. రెండూ బల్ల మీద పెట్టాను. నాది తిన్నాను. ఆయన పళ్ళెం అలాగే చల్లారింది. మర్నాడు అందులోంచి ఒక ముక్క తీసి నా పళ్ళెంలో వేసుకున్నాను. ఆ తర్వాత సగం.

నెలలు గడిచాయి. చలి తగ్గింది, ప్యాంటు తాడు విప్పేశాను. వారానికి ఒకరోజు బరువు, ఒకరోజు తేలిక. రెండున్నర కిలోలకి మించకుండా. ఒక శనివారం కాటా యాభై ఏడు చూపించింది. కడ్డీ మీద నూట పది పెట్టమన్నాను. విల్మార్ నా మొహం చూసి పెట్టాడు. కడ్డీ నా కాళ్ళని రాసుకుంటూ లేచింది. వీపు వణకలేదు. నా జన్మలో ఎత్తిన ఎక్కువ బరువు అదే. రెండు రెట్లు మాత్రం కాదు. కాబట్టి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మా క్లబ్బు మర్యాద అది.

ఎల్బియో మాత్రం నోరు తెరిచాడు. "పాడు చేసుకున్నావు కదే! పోయిన శీతాకాలం బంగారంలా ఉన్నావు. మళ్ళీ బొండాంలా తయారయ్యావ్."

అందరూ అతని వైపు తిరిగారు. ఎల్బియోకి కూడా అప్పుడే తట్టినట్టుంది, మొహం మాడిపోయింది. "నేను... వేళాకోళానికి... నుబియా..."

"మళ్ళీ అను," అన్నాను.

"వద్దులే."

"అనమంటున్నానా లేదా?"

"బొండాం," అన్నాడు చిన్న గొంతుతో, తిట్లు తినబోతున్న పిల్లాడిలా. నేను సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. నది మీంచి గాలి కొడుతోంది. మొహం తుడుచుకుంటూ ఇంటిదాకా నడిచాను.

తాళం తీశాను. "నూట పది!" అని గుమ్మంలోంచి అరిచాను. ఎవరూ పలకలేదు. కుండ దించి రెండు పళ్ళేల్లో గీసో వడ్డించి కూర్చున్నాను. నాది ఖాళీ చేశాను. యాభై ఏడుకి రెండు రెట్లంటే నూట పద్నాలుగు. ఇంకా నాలుగు కిలోలు. చెయ్యి చాచి ఆయన పళ్ళెం నా వైపు లాక్కున్నాను.