శౌరయ్య షెడ్డులో రెండో గొయ్యి

ఆటోనగర్‌లో లారీ షెడ్డు అన్నాక గొయ్యి ఉండాల్సిందే. పైన లారీ నిలబెడితే, మెకానిక్ అందులోకి దిగి పని చేస్తాడు. శౌరయ్య షెడ్డులో అలాంటి గోతులు రెండు. అయినా పదేళ్ళుగా ఒకదాని మీదికే లారీలు ఎక్కుతున్నాయి. రెండోదాంట్లో ఓ వైన్ సీసా పడుకుని ఉంది మరి!

దాన్ని తెచ్చింది శౌరయ్య భార్య తెరేసమ్మ అన్న, ఫాదర్ కృపానందం. ఇటలీ ఉత్తరాన వాల్తెల్లీనా అనే కొండలోయలో ఓ చిన్న చర్చి ఆయనది. వైన్ల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్ళకి కూడా ఆ లోయ పేరు పెద్దగా తెలియదు. అక్కడ కొండవాలున మెట్లు మెట్లుగా రాతిగోడలు కట్టి ద్రాక్ష పండిస్తారట. చెల్లెలి పదిహేనో పెళ్ళిరోజుకి ఆయన ఎర్రవైన్ రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి అప్పుడే తీశారు. తెరేసమ్మ గుక్కెడు నోట్లో పోసుకుని, పరుగున వెళ్ళి సింకులో ఉమ్మేసింది.

"పచ్చి అరటికాయ నమిలినట్టుంది! అన్ని కొండలు దిగొచ్చి ఇదా నువ్వు తెచ్చేది, అన్నయ్యా?"

"లేతది కదమ్మా, వగరు ఉంటది. చల్లగా, చీకట్లో, కదపకుండా పడుకోబెడితే పదేళ్ళకి కాస్త మెత్తబడుద్ది. ఈ బెజవాడ ఎండల్లో మీ ఆయన వల్ల ఏమవుద్దిలే!"

ఆ చివరి మాట శౌరయ్యకి ఎక్కడో తగిలింది. ఇరవై అయిదో పెళ్ళిరోజున రెండో సీసా తీస్తానని, ఉమ్మేసిన మనిషి చేతే బాగుందనిపిస్తానని అక్కడికక్కడే పంతం పట్టాడు. పట్టాడంటే ఇక వదిలే రకం కాదు.

రెండో గోతిలో ఇసక పోసి, సీసాని పడుకోబెట్టి, గోనెపట్టా కప్పాడు. ఎండాకాలమంతా ఆ పట్టా తడుపుతూనే ఉన్నాడు. దాని దరిదాపుల్లో ఎవడైనా ఇంజన్ రేజ్ చేస్తే ఇంతెత్తున లేచేవాడు. పక్క స్పేర్‌పార్టుల షాపు జక్కయ్య, "మీ పేషెంటుకి ఎట్టా ఉందండీ?" అని రోజూ పలకరించేవాడు. దసరాకి పానాలకీ జాకీలకీ బొట్లు పెట్టే హెడ్ మెకానిక్ బసవపున్నయ్య గోతిలోకి దిగి సీసాకి కూడా పెట్టేవాడు. ఏటా అదే తంతు. లేబుల్ మీద పేరు పోయి కుంకుమ మిగిలింది.

ఇరవై అయిదో పెళ్ళిరోజు ఆదివారం పడింది. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్‌తో సహా, చర్చిలో పూజ ముగించుకుని అందరూ షెడ్డుకే వచ్చారు. ఫాదర్ మెడలో మంగళగిరి కండువా వేసి, బిరియానీ గిన్నెల పక్కన సీసా పెట్టారు. బొట్టు చూసి ఫాదర్ పగలబడి నవ్వాడు. బసవపున్నయ్య బిరడాలోకి స్క్రూ దింపి పట్టకారుతో లాగితే సగమే ఊడింది. మిగతా సగం పొడిపొడిగా లోపల పడింది.

శౌరయ్య ప్రాణం ఉసూరుమంది. తెరేసమ్మ మాత్రం అన్న మెడలో కండువా లాగి, "వడకడితే పోలా!" అంది.

గ్లాసుల్లోకి దిగిన వైన్ ఇటుకరంగులో ఉంది. ఎండు రేగుపళ్ళ వాసన, తొలివాన పడ్డ మట్టివాసన కలిసి వచ్చాయి. ఫాదర్ చప్పరించి కళ్ళు మూసుకున్నాడు.

"మన వేడికి తొందరగా ముదిరింది బావా. అక్కడ ఇరవై ఏళ్ళకి వచ్చే మెత్తదనం ఇక్కడ పదేళ్ళకే వచ్చేసింది. ఇంకొక్క ఎండాకాలం ఆగితే చేజారిపోయేదే!"

శౌరయ్య ఆ మెప్పు వినిపించుకుంటేగా! అతని చూపంతా భార్య మీదే ఉంది. ఆవిడ గుక్కెడు తాగింది. మొహం ముడుచుకోలేదు. మింగింది. గ్లాసు ఖాళీ చేసి చెయ్యి చాపింది.

"ఏవండీ, మీ గ్లాసు ఇటివ్వండి."

ఇంకా రుచైనా చూడని గ్లాసు ఇచ్చేశాడు. ఆవిడ సగం తాగి, మిగతా సగం అతనికి అందించింది. శౌరయ్య జీవితంలో అంత సంతోషంగా ఏదీ తాగలేదు.

"ఇక గొయ్యి ఖాళీయేగా! రేపు మా లారీ ఎక్కించేదా?" అన్నాడు జక్కయ్య.

శౌరయ్య నోరు తెరిచేలోపే తెరేసమ్మ అందుకుంది.

"కుదరదు జక్కయ్యగారూ. అన్నయ్యా, ఈసారి లేతవి రెండు పట్రా. ముప్పై అయిదో పెళ్ళిరోజుకి ఒకరి గ్లాసు ఒకళ్ళం లాక్కోకుండా తాగాలి."